పీట మీద తువ్వాల

బీరువా తాళంచెవిని కొంగుకు ముడివేసుకుని బుచ్చమ్మ దేవుని పీట ముందు నుంచి కదలలేదు. పిల్ల ఏడుపు ఆగలేదు. పొద్దుటి నుంచి ఇది నాలుగో గౌను.

సాక్షి బీరువా తలుపును రెండు చేతులా లాగుతోంది. ఐదేళ్ళు నిండినా నోట మాట లేని పిల్ల. తలుపు రాకపోయేసరికి నుదురు దానికి ఆనించి, గొంతులోంచి సన్నని కూత తీస్తోంది. పాదాల కింద తడి గడప దాకా పారింది.

"అత్తమ్మా, ఒక్క తువ్వాల ఇయ్యుండ్రి," అంది స్వర్ణ, నేల తుడుస్తూ తల ఎత్తకుండా. "గది చేతిల ఉంటె ఊకుంటది."

"ఊకుంటదా? తీస్కపోయి దేవుని మీద ఏస్తది. మంగళవారం నాడు దీపం తాకి తువ్వాల అంటుకోలేదా? నేను ముంగట లేకుంటె ఇల్లు కాలిపోతుండె."

స్వర్ణ గుడ్డను బకెట్లో పిండింది. ఆ పిండడంలోనే కోడలు అనదలచిందంతా బుచ్చమ్మకు వినిపించింది.

మూడు నెలలుగా ఇదే గోల. ఆరేసిన తువ్వాలో, తాత భుజం మీది తువ్వాలో, ఏది దొరికితే అది లాక్కొచ్చి పిల్ల మార్కండేయుని పటం ఉన్న పీట మీద పరుస్తుంది. కాసేపు అక్కడే నిలబడుతుంది. తర్వాత అక్కడే గౌను తడిపేస్తుంది. బుచ్చమ్మ తిట్టడం, పీట కడగడం, పసుపునీళ్ళు చల్లడం, లెంపలు వేసుకోవడం. మంగళవారం తువ్వాల కొస అంటుకున్నాక ఇంట్లో ఉన్న తువ్వాలలన్నీ ఏరి బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్ల తువ్వాల మానుతుంది, దాంతో పాటు తడపడమూ మానుతుందని ఆమె లెక్క. మానకపోగా రోజుకు రెండు మూడు సార్లు తడిపేది నాలుగైదు సార్లయింది.

నిలేష్ స్నానం చేసి తడి ఒంటితోనే గది మూల స్నానాల మోరిలోంచి బయటికి వచ్చాడు. తుడుచుకోవడానికి ఏమీ లేక విప్పిన లుంగీతోనే తుడుచుకున్నాడు. తల్లినీ భార్యనూ చూసి, ఎవరి వైపు మాట్లాడినా ఒకటేనని, గోడ వైపు మాట్లాడాడు.

"రేపు పది గంటలకు కళ్యాణ్ పోవాలె. సుశీలాబాయి రెండు వారాలు టైమిచ్చింది. రేపటితోని అయిపోతది."

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. డాక్టరు ఆటిజం అని చెప్పి రెండేళ్ళయింది. భివండిలో మూడు బడులు తిరిగారు. కళ్యాణ్‌లో ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పే సుశీలాబాయి ఒక్కతే, ఒక సీటు ఉందని ఆశపెట్టింది. అయితే ఒక మాట అంది. పిల్ల నోటితో చెప్పక్కర్లేదు, చేత్తో చూపినా, చెంబు పట్టుకొచ్చినా సరే. అవసరమైనప్పుడు తనంతట తాను ఏదో ఒక విధంగా తెలియజెయ్యాలి. అది వస్తే మిగతావన్నీ తను నేర్పుతానంది. రాకపోతే సీటు ఇంకో పిల్లకు వెళ్తుంది.

ఈ రెండు వారాల్లో స్వర్ణ చెయ్యని పని లేదు. పాయిఖానా బొమ్మ గీసి గోడకు అంటించింది. గంటగంటకూ తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పిల్ల కూర్చుంటుంది. బొమ్మ కేసి చూస్తుంది. లేచి వచ్చి ఇంట్లో తడుపుతుంది.

"రేపు పోకుంటె ఏమైతది?" అంది స్వర్ణ మెల్లగా.

"ఎందుకు పోము?"

"పోయి ఏం జూపియ్యాలె? తాళం ఏసిన బీరువానా?"

ఆ మాట బుచ్చమ్మకు సూటిగా తగిలింది. జవాబు నాలుక దాకా వచ్చింది, కాని పటం ముందు కూర్చుని మాట తూలడమెందుకని మింగేసింది.

మధ్యాహ్నం కార్ఖానాలో ఉన్న భర్తకు అన్నం డబ్బా బుచ్చమ్మే తీసుకెళ్ళింది. రోజూ నిలేష్ మోసుకుపోయే డబ్బా అది. ఇంట్లో ఆ మౌనం కింద కూర్చోలేక తనే లేచింది. పిల్ల కూడా వెంట వచ్చింది. స్వర్ణ వద్దనలేదు, తడిసిన బట్టల కుప్ప ముందు కూర్చుని ఉంది.

కార్ఖానా రెండు గల్లీల అవతల. పద్మనగర్‌లో ఏ గల్లీలో నడిచినా సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడే. ఇంట్లో కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకునే పిల్ల, ఇక్కడ మాత్రం తాత చెయ్యి పట్టుకున్నట్టు నిమ్మళంగా నడుస్తుంది. ఈ గోల మొదలవకముందు, స్వర్ణకు డెంగీ వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఆ తర్వాత మంచం మీద ఉన్నప్పుడు, రెండు నెలల పాటు తాత సిద్ధిరాములు పిల్లను రోజూ కార్ఖానాకే తీసుకొచ్చేవాడు. బుచ్చమ్మ ఆస్పత్రిలో కోడలి దగ్గరుంది. పిల్ల నూలు కండెల పెట్టె మీద కూర్చుని సాంచలను చూస్తూ పొద్దు గడిపేది.

ఇప్పుడూ వెళ్ళగానే అదే పెట్టె ఎక్కి కూర్చుంది. బుచ్చమ్మ డబ్బా దించి, పక్కనే నేల మీద చతికిలబడింది. పన్నెండు సాంచలు ఒక్కసారి కొడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అక్కడ అందరూ కళ్ళతో, చేతులతో మాట్లాడుకుంటారు. సిద్ధిరాములు ఆమెను చూసి, డబ్బా చూసి, కాసేపాగి తింటానన్నట్టు చెయ్యి ఊపాడు.

అవతలి వరసలో లస్మయ్య తన సాంచల మధ్య నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాల తీసి, సాంచ పైకట్టె మీద వేసి, వెనక తలుపు లోంచి బయటికి పోయాడు. పక్క సాంచల మీదున్న స్వామి ఆ తువ్వాల చూశాడు. ఏమీ అనకుండా ఇటు జరిగి లస్మయ్య సాంచలు కూడా చూసుకోసాగాడు. ఒక పోగు తెగితే ఆపి, ముడి వేసి, మళ్ళీ నడిపాడు. లస్మయ్య తిరిగొచ్చి, కట్టె మీది తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. స్వామి తన చోటికి పోయాడు.

బుచ్చమ్మ పెళ్ళై వచ్చిన నాటి నుంచి చూస్తున్నదే ఇది. ఊపిరి పీల్చుకోవడం లాంటిది. చూసింది, చూసినట్టు కూడా అనిపించలేదు.

సాక్షి పెట్టె దిగింది. తాత దగ్గరికి నడిచి, అతని భుజం మీది తువ్వాల కొస పట్టి లాగింది. దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, బుచ్చమ్మ ముందున్న కండెల పెట్టె మీద పరిచింది. మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని నిలబడింది.

"మళ్ళ షురూ జేసినవా," అని బుచ్చమ్మ తువ్వాల లాగెయ్యబోయింది.

కండెలు చుట్టే రామవ్వ తన యంత్రం వదిలి లేచొచ్చింది. బుచ్చమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, చెవిలో అరిచినట్టు చెప్పింది.

"ఆగక్కా. తియ్యకు. పోరి బయటికి పోతనంటుంది."

బుచ్చమ్మకు వినిపించింది, కాని అర్థం కాలేదు.

"ఏందే?"

"ఒంటికి. లస్మయ్య ఏసిండు గదా, గట్ల. ఇక్కడున్న రెండు నెల్లు గట్లనే నా ముంగట ఏసేది, నేను తీస్కపోయేదాన్ని. లే, తొందరగ. ఎక్కువ సేపు ఆగది."

బుచ్చమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ గోడ పట్టుకుని లేచే మనిషి, ఎట్లా లేచిందో తనకే తెలియదు. పిల్లను చంకన వేసుకుని వెనక తలుపు దాటి పాయిఖానాలోకి పరిగెత్తింది. కూర్చోబెట్టింది. చెంబు కోసం చెయ్యి చాచేలోపే చప్పుడు వినిపించింది.

సన్నని ధార. నీళ్ళ తొట్టి పక్కన నిలబడి బుచ్చమ్మ ఆ చప్పుడును మంత్రం విన్నట్టు విన్నది. గోడ అవతల పన్నెండు సాంచలు కొడుతున్నాయి. ఆ హోరులో కూడా ఆమెకు అదొక్కటే వినిపించింది.

పిల్ల లేచింది. గౌను పొడిగా ఉంది. కాళ్ళు కడిగించుకుని, బుచ్చమ్మను వదిలి ముందుగా లోపలికి నడిచింది. కండెల పెట్టె మీది తువ్వాల తీసుకెళ్ళి, తాత చేతికి అందించింది.

సిద్ధిరాములు ఒక సాంచ ఆపేశాడు. నడుస్తున్న సాంచను ఊరికే ఆపే మనిషి కాడు. ఏమైందని కళ్ళతోనే అడిగాడు. బుచ్చమ్మ పిల్ల పొడి గౌను అంచు పట్టుకుని అతనికి చూపించింది.

గుమ్మం బయటికొచ్చాక రామవ్వను నిలదీసింది. మూడు నెలలుగా ఇంట్లో ఇంత జరుగుతుంటే ఒక్క మాట చెప్పకూడదా అని అడిగింది. రామవ్వ బిత్తరపోయింది.

"మీకు ఎర్కలేదని నాకేం ఎర్క అక్కా? సాంచలోల్ల ఇల్లాయె. నాకే సమజయినంక మీకు కాదా అనుకున్న."

తన కళ్ళ ముందే రోజుకు పదిసార్లు కార్ఖానాలో ఆ తువ్వాల పడుతుంది. తనే ఒకప్పుడు కండెలు చుడుతూ ఎన్నిసార్లు వేసిందో. ఇంట్లో పడితే అది అల్లరి అయింది, అపచారం అయింది. కార్ఖానా గుమ్మం దాటితే మాట మారిపోతుందని పిల్లకు ఎవరు చెప్పారు?

పిల్లను చంకనేసుకునే గల్లీలో నడిచింది. కిరాణా కొట్టు ముందు ఎవరో పలకరించినా ఆగలేదు. మెట్లెక్కుతూ రెండు చోట్ల నిలబడి ఊపిరి తీసుకుంది. ఇంట్లో పీట మీద పరిచినప్పుడల్లా ఆ పీట ముందు కూర్చుని ఉన్నదెవరు? పొద్దున జపంలో తను. సాయంత్రం దీపం దగ్గర తను. పిల్ల దేవుని ముందు పెట్టలేదు. పక్క సాంచ మనిషి ముందు పెట్టింది. నేను పోయి వస్తా, నువ్వు చూసుకో అని. పోనిచ్చినవాళ్ళు లేరు కనుక తువ్వాల తిరిగి తియ్యలేదు, అక్కడే నిలబడి తడిపింది.

తను మాత్రం పసుపునీళ్ళు చల్లింది. మార్కండేయునికి కోపం వచ్చి ఉంటుందని లెంపలు వేసుకుంది. వచ్చింది ఆయనకేనా, తనకా?

స్వర్ణ గదుల ముందరి గ్యాలరీలో బట్టలు ఆరేస్తోంది. బుచ్చమ్మ ఒక్క గుక్కలో అంతా చెప్పింది. చెప్పడం అయిపోయినా ఆపలేక మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. కొంగు ముడి విప్పి తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

స్వర్ణ తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

"మూడు నెల్ల నుంచి చెప్తున్నదా?" అంది.

"చెప్తున్నది బిడ్డా. నేనే ఇనలే."

"నేను కూడా ఇనలే," అంది స్వర్ణ. లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. తువ్వాలలన్నీ తీసి, ఒక్కొక్కటీ పిల్లకు అందేంత ఎత్తులో తాడు మీద వేసింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో బుచ్చమ్మకు వెనక నుంచి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఇల్లు పెళ్ళి ఇల్లయింది. సిద్ధిరాములు సాంచలు స్వామికి అప్పగించి వచ్చేశాడు. నిలేష్ పరుగున వచ్చాడు. నలుగురు పెద్దవాళ్ళు ఒక పిల్ల చుట్టూ కూర్చుని, చూడనట్టు నటిస్తూ చూశారు. గంటన్నర తర్వాత సాక్షి లేచి తాడు మీది తువ్వాల లాగింది. నిలేష్ ఫోను పైకెత్తాడు, వీడియో తియ్యడానికి. దేవుని పీట దగ్గర స్వర్ణ కూర్చుని ఉంది. పిల్ల ఆమెను దాటింది. పీటను దాటింది. వంటింట్లో జొన్నపిండి జల్లెడ పడుతున్న బుచ్చమ్మ ముందుకొచ్చి, పిండి డబ్బా మీద తువ్వాల వేసింది.

బుచ్చమ్మ పిండి చేతులతోనే పిల్లను ఎత్తుకుని పరిగెత్తింది. నిలేష్ ఉమ్మడి పాయిఖానా దాకా గ్యాలరీ పొడవునా తలుపులు కొట్టి మరీ దారి ఖాళీ చేయించాడు. గౌను పొడి. సిద్ధిరాములు చప్పట్లు కొట్టబోయి, పిల్ల చెవులు మూసుకుంటుందని, రెండు అరచేతులూ గాలిలోనే ఆపేశాడు.

నాలుగున్నరకు మళ్ళీ. మళ్ళీ బుచ్చమ్మ ముందే. ఈసారి ఆమె కిటికీ దగ్గర బియ్యం ఏరుతోంది. స్వర్ణ గది నడుమ, పిల్లకు అడ్డంగా, రెండు చేతులూ చాచి కూర్చుని ఉంది. పిల్ల పక్కకు తిరిగి, తల్లి చెయ్యి కింది నుంచి దూరి పోయింది.

స్వర్ణ చేతులు మెల్లగా దించుకుంది.

నిలేష్ సుశీలాబాయికి ఫోను చేశాడు. మరాఠీలో గబగబా చెప్పుకుపోయాడు. అవతల ఆమె కూడా సంబరపడినట్టే ఉంది, నవ్వు ఇక్కడి దాకా వినిపించింది. తర్వాత ఏదో అడిగింది. నిలేష్ ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. ఫోను పెట్టేసి చెప్పాడు.

సుశీలాబాయి తువ్వాలకు ఒప్పుకుంది. బడిలో ఒక కట్టె కూడా పెట్టిస్తానంది. కాని పిల్ల ఎవరెవరికి చెబుతోందని అడిగింది. ఒక్కరికే చెబితే ఆ మనిషి లేని చోట మళ్ళీ మొదటికే వస్తుంది, ఒకరికి చెబితే అలవాటు, ఇద్దరికి చెబితేనే మాట అంది. రేపు వచ్చేలోపు రెండో మనిషికి కూడా చెప్పేలా చూడండి, పిలవొద్దు, అడగొద్దు, చెయ్యి చాచొద్దు, తనంతట తనే రావాలి అంది.

"కార్ఖానల రామవ్వకు చెప్పింది గదా," అన్నాడు సిద్ధిరాములు.

"రామవ్వ బడికి వస్తదా బాపూ? రోజూ పోవాల్సింది తల్లి."

స్వర్ణ లేచి పొయ్యి వెలిగించింది. మీద గిన్నె పెట్టడం మరిచిపోయి మంట కేసి చూస్తూ నిలబడింది.

"ఐదేండ్లు కడిగిన," అంది ఎవరికో చెబుతున్నట్టు. "ముట్టనిచ్చింది, కడగనిచ్చింది. చెప్పుడు మాత్రం నాకు చెప్పలే."

"గట్లనకు బిడ్డా."

"తప్పు మీది గాదు అత్తమ్మా. కడిగే మనిషికి చెప్పుడెందుకు? తడిసినంక నేనెట్లనన్న వస్త గదా."

బుచ్చమ్మ పొయ్యి ఆర్పింది. కోడలి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేదు. ఇది భుజం తడిమితే తీరే బాధ కాదని ఆమెకు తెలుసు. పిల్లకు నీళ్ళు తాగించి అప్పటికి చాలాసేపయింది. గోడ గడియారం ఆరు చూపిస్తోంది. దీపం పెట్టే వేళ.

ఆమె దీపం పెట్టలేదు.

"ఇయ్యాల దీపం నువ్వు పెట్టు," అంది స్వర్ణతో. "నా జాగల కూసో. నేను ఇంట్ల ఉండ."

సిద్ధిరాములు తల ఎత్తి చూశాడు. ఒంట్లో బాగాలేని రోజున కూడా ఆ దీపాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వని మనిషి ఆమె.

బుచ్చమ్మ గ్యాలరీ చివర మెట్ల మీద వచ్చి కూర్చుంది. గల్లీలో ఆటోల హారన్లు. కింది ఇంట్లో ఎవరో టీవీ పెట్టారు. లోపల స్వర్ణ అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. మార్కండేయా, నాకేమీ అక్కర్లేదు, ఆ తల్లికి ఒక్కసారి చెప్పించు అనుకుంది. అనుకున్నాక, ఇది దేవుణ్ణి అడగాల్సిందా, తను తప్పుకోవాల్సిందా అనిపించింది. రెండూ ఒకటే కావచ్చు.

లోపలి నుంచి తాడు ఊగిన చప్పుడు.

చిన్న పాదాలు. పీట దగ్గర ఆగినట్టనిపించింది. పాదాలు మళ్ళీ కదిలాయి. గడప దాటాయి. గ్యాలరీలోకి వచ్చాయి.

సాక్షి తువ్వాల ఈడ్చుకుంటూ, అటూ ఇటూ వెతుకుతూ, మెట్ల దగ్గర నానమ్మను చూసింది. పరుగులాంటి నడకతో వచ్చింది. వెనకనే స్వర్ణ వచ్చి, రెండు బారల దూరంలో నేల మీద కూర్చుంది. పిలవలేదు. అడగలేదు. చేతులు ఒళ్ళో దాచుకుంది. వాటిని దాచుకోవడం ఎంత కష్టమో బుచ్చమ్మకు కనిపిస్తూనే ఉంది.

పిల్ల నానమ్మ ఎదురుగా నిలబడింది. మోకాళ్ళు నొక్కుకుంది. తువ్వాల పట్టిన చెయ్యి పైకి లేచింది.

బుచ్చమ్మ ఒళ్ళంతా ఆ పిల్ల వైపు వంగింది. ఒక్క క్షణం అందుకుంటే చాలు, గౌను తడవదు, ఈ రోజు గెలిచిన రోజుగానే ముగుస్తుంది. రేపటి సంగతి రేపు.

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుని కళ్ళు మూసుకుంది.

పిల్ల గొంతులోంచి చిన్న కూత. తర్వాత అదీ లేదు. అడుగు ముందుకు పడిందో, వెనక్కు పడిందో తెలియలేదు. బట్ట జారిన మెత్తని చప్పుడు ఒకటి వినిపించింది.

తువ్వాల తన ఒళ్ళో పడలేదు. ఎక్కడ పడిందో తెలియాలంటే కళ్ళు తెరవాలి.